ఎడమ చెవిలో పలచబడిన పాట

సున్‌చోన్, జూన్ 4

సోరిబాట్ కంపెనీ మరమ్మతుల గదిలో కూర్చుని ఈ పెట్టె విప్పుతున్నవారికి, వారు ఎవరైనా సరే, తాక్ మల్సూన్ నమస్కరించి రాయునది. మీరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమం. నా ఇయర్‌ఫోన్లలో కుడిది క్షేమం. ఎడమది మాత్రం క్షేమంగా లేదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ ఒక ఆడపిల్ల చెప్పుకుంటూ పోయింది. తొమ్మిది దాకా నొక్కాను. ఆ పిల్ల విసుక్కోలేదు గానీ నాకే విసుగొచ్చి కాగితం తీశాను.

నాకు అరవై ఆరేళ్ళు. ఇక్కడి దిగువ బజారులో ముప్పై ఏళ్ళుగా కూరలూ పచ్చళ్ళూ అమ్ముతున్నాను. పాటంటే చెవి కోసుకుంటాను. ఏటా సెప్టెంబరులో మా వర్తకులకు పాటల పోటీ పెడతారు. బాగా పాడితే చివరిదాకా పాడనిస్తారు. లేకపోతే స్టేజీ పక్కన నిలబడ్డ మనిషి 'టంగ్' మని గంట కొడతాడు, దిగిపోవాలి. మూడేళ్ళుగా నేను పాటలో రెండో వరుస దాటలేదు. టంగ్! నా ఎదురు కొట్టు బొన్‌నే చేపలమ్ముతుంది. అది "కానాగంతలో!" అని ఒక్క కేక వేసిందంటే నా శ్రుతి ఆ కానాగంతల్లోనే కలిసిపోతుంది. పోయినేడు అది మాత్రం పాటంతా పాడి రైస్ కుక్కర్ గెలుచుకుంది. ఇంటికి పట్టుకుపోవచ్చు కదా? పోదు. నా కళ్ళెదురుగా కొట్టు ముందు పెట్టి రోజూ అందులోనే వండుతుంది. ఆవిరంతా నా మొహం మీదికే.

నాకు బహుమతి వద్దండీ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ స్టేజీ మీద పాట చివరిదాకా పాడాలి. అంతే.

టీవీలో పెద్ద గాయకులు చెవుల్లో పెట్టుకునేవి చూసి, చీటీ పాడుకుని, గ్వాంగ్జూ వెళ్ళి మరీ మీవి కొన్నాను. పన్నెండు లక్షల వన్‌లు. "ఎంత గోలలోనైనా పాడేవాళ్ళకి తమ గొంతు తమకి వినపడుతుందంటే వీటి చలవేనమ్మా" అన్నాడు కొట్టులో అబ్బాయి. నిజమే. కుడి చెవిలో నా పాట నిండుగా మోగుతోంది. ఎడమ చెవిలో నీళ్ళు కలిపిన గంజిలా ఉంది. నా వైపు లోపం ఏమీ లేదు. కంటికి రెప్పలా చూసుకుంటున్నాను. రోజూ సాయంత్రం గిన్నెలతోపాటు సబ్బు పెట్టి తోముతున్నాను కూడా.

పోటీ సెప్టెంబరు 6న. ఆలోగా బాగుచేసి పంపండి.

ఇట్లు,
తాక్ మల్సూన్

తా.క.: పెట్టెలో చోటు మిగిలింది. చోటు వదిలేసి పెట్టె పంపడం మా ఇంటావంటా లేదు. నెత్తళ్ళ వేపుడూ, సోయాలో ఊరిన ఆకుపచ్చడీ పెట్టాను. ఇయర్‌ఫోన్లు పచ్చడి డబ్బా కింద ఉంటాయి. ముందు పచ్చడి తీయండి.


సియోల్, జూన్ 11

గౌరవనీయులైన తాక్ మల్సూన్ గారికి, సోరిబాట్ మరమ్మతుల గది నుంచి ప్యో సెహ్వాన్ వినయపూర్వక వందనాలు.

మా కంపెనీలో మరమ్మతు చేసినవారే ఖాతాదారుకు చేత్తో ఉత్తరం రాయాలని నియమం. నా దస్తూరీకి ముందుగా క్షమాపణలు.

తమ ఇయర్‌ఫోన్లు పరీక్షించాను. లోపలి స్పీకర్లు రెండూ చక్కగా ఉన్నాయి. అయితే ధ్వని బయటికొచ్చే మూతి దగ్గర సన్నటి జాలీ ఉంటుంది. ఎడమ జాలీలో రెండు నువ్వుగింజలు, కుడి జాలీలో కొంచెం కారప్పొడి దొరికాయి. రెండు జాలీలూ మార్చాను. ఇప్పుడు ఎడమా కుడీ సరిసమానం.

కొన్ని జాగ్రత్తలు మనవి చేస్తాను. దయచేసి వీటిని తోమవద్దు. నీళ్ళు అసలే తగలకూడదు. వాడిన ప్రతిసారీ పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, మూతిని కిందికి వంచి చిన్న బ్రష్షుతో దులిపితే చాలు. వైరును బిగించి చుట్టకండి, వదులుగా మడవండి. ఎండ తగలని చల్లని చోట, గాలి చొరబడని పెట్టెలో, ఎప్పుడూ ఒకే వేడిమి ఉండేలా భద్రపరచండి. పెట్టెలో తేమ పీల్చే పొట్లం ఒకటి వేయండి. ఇలా చూసుకుంటే పదేళ్ళు ఢోకా లేదు.

తమరు ఎక్కువగా ఏ పాటలు వింటారో తెలియజేస్తే మళ్ళీ అవసరమైనప్పుడు వాటితోనే పరీక్షిస్తాను.

భవదీయుడు,
ప్యో సెహ్వాన్

తా.క.: మరమ్మతుల గదిలోకి తినుబండారాలు రానివ్వకూడదని మా మేనేజరు గారి ఆజ్ఞ. కనుక తమ పచ్చడిని గది గుమ్మం బయట నిలబడి తిన్నాం. మేనేజరు గారు రెండుసార్లు వడ్డించుకున్నారు.


సున్‌చోన్, జూలై 6

ప్యో ఇంజనీరు గారికి మల్సూన్ నమస్కారాలు. ముసురు పట్టింది. బజారంతా బురద. అయినా నా ఒళ్ళంతా హుషారే. ఇంకా రెండు నెలలే!

మీరు చెప్పిన ప్రతి మాటా చెవిన వేసుకున్నాను. తోమడం మానేశాను. తుడుస్తున్నాను. దులుపుతున్నాను. వైరును నూడుల్స్ ఆరేసినట్టు వదులుగా వేస్తున్నాను. తేమ పీల్చే పొట్లం కోసం వెతుక్కోనక్కర్లేదు, సముద్రపు నాచు ప్యాకెట్లలో వచ్చేవి నా దగ్గర డ్రాయరు నిండా ఉన్నాయి.

ఇక భద్రపరచడం. ఎండ తగలకూడదు, చల్లగా ఉండాలి, గాలి చొరకూడదు, వేడిమి ఎప్పుడూ ఒక్కలా ఉండాలి అన్నారు. చదవగానే నవ్వొచ్చింది. మీరు మొహమాటపడి పేరు చెప్పలేదు గానీ మనవాళ్ళలో ఎవరికి తెలియదు చెప్పండి? పచ్చళ్ళకని వేరుగా ఉంచుకునే కిమ్చీ ఫ్రిజ్‌లోనే పెట్టాను. అదీ పై అరలో కాదు, ఏ పిల్లా తెరవని కింది అరలో, మూడేళ్ళ పాత కిమ్చీ పక్కన. దానికి ఇచ్చే మర్యాద మా ఇంట్లో ఇంకే వస్తువుకీ లేదు.

అయినా ఎడమ చెవిలో పాట మళ్ళీ పలచబడింది. పైగా చెవుల్లో పెట్టుకోగానే ఆకలేస్తోంది. బొన్‌నే నా పక్కనుంచి వెళ్తూ ముక్కు ఎగరేసి, "ఏందే మల్సూనూ, నీ చెవులు ఊరినయ్యా ఇంకా పచ్చిగనే ఉన్నయ్యా?" అంది. దాని నోట్లో కానాగంత పడ!

ఏ పాటలు వింటానని అడిగారు. నా పాటే వింటాను. ఇంకొకరి పాటకైతే రేడియో లేదూ? మళ్ళీ పంపుతున్నాను, చూడండి.

ఇట్లు,
మీ మాట జవదాటని మల్సూన్

తా.క.: ఈసారి ముల్లంగి కిమ్చీ కూడా పెట్టాను. ఇయర్‌ఫోన్లదేది, కిమ్చీదేది అని వాసన చూసి తేల్చుకోలేరు. డబ్బా మీద పేర్లు రాశాను.


సియోల్, జూలై 14

మల్సూన్ అమ్మగారికి సెహ్వాన్ నమస్కారాలు.

పెట్టె విప్పగానే పక్క గదిలోవాళ్ళు భోజనాల వేళయిందనుకుని లేచారు.

అమ్మా, కిమ్చీ ఫ్రిజ్ గొప్పదే, కాదనను. కానీ అంత చల్లటి చోటు నుంచి తీసి ముసురు గాలిలో పెట్టగానే, చల్లటి గ్లాసుకు చెమట పట్టినట్టు వీటి లోపల నీటి బొట్లు పడుతున్నాయి. రెండు రోజులు ఆరబెట్టాను. వాసన మాత్రం మూడొంతులే పోయింది. ఇకనుంచి మామూలు అల్మారాలో, బట్టల మధ్య పెట్టండి చాలు.

చెవిలో దూరే మెత్తటి రబ్బరు తొడుగులున్నాయి చూశారూ, వాటిని మాత్రం కడగవచ్చు. మెల్లగా ఊడదీసి, గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం సబ్బు కలిపి కడిగి, బాగా ఆరాకే మళ్ళీ తొడగాలి.

తమ పాట నా దగ్గర లేదు కనుక మేం నలుగురం తలో పాటా పెట్టుకుని విన్నాం. నలుగురికీ రెండు వైపులా సమానంగానే ఉంది. ఒక చిన్న పరీక్ష చేయండి. ఎడమదాన్ని కుడి చెవిలో, కుడిదాన్ని ఎడమ చెవిలో పెట్టుకుని వినండి. పలచదనం ఏ చెవిలో ఉందో రాయండి.

భవదీయుడు,
సెహ్వాన్

తా.క.: ముల్లంగి కిమ్చీ గురించి మేనేజరు గారు ఆజ్ఞ సవరించారు. ఇప్పుడు అది "తినుబండారం" కాదట, "మరమ్మతుకు వచ్చిన వస్తువుతో పాటు వచ్చిన అనుబంధ వస్తువు"ట.


సున్‌చోన్, ఆగస్టు 9

సెహ్వాన్ బాబుకి మల్సూన్ ఆశీస్సులు. ఇంకా నాలుగు వారాలే! రాత్రీ పగలూ అదే ధ్యాస. కూర తూచేటప్పుడూ పాడుతున్నాను, చిల్లర ఇచ్చేటప్పుడూ పాడుతున్నాను. నిన్న ఒకాయన కొనకుండానే చిల్లర పుచ్చుకుని వెళ్ళాడు.

మీరు చెప్పినట్టే తొడుగులు ఊడదీసి కడిగాను. బాగా ఆరాలన్నారు కదా. ఈ కాలంలో బాగా ఆరేది ఎక్కడ? మా మేడ మీద, ఎండుమిరపకాయల చాప మీద. ఆరాయి. తొడిగాను. చెవుల్లో పెట్టుకున్నాను. నాయనా, నా చెవులు భగ్గుమన్నాయి! మేడ దిగి బజారులోకి పరుగెత్తాను. బొన్‌నే చేపల మీద పోసే ఐసుముక్కలు రెండు తీసి నా చెవులకు అదిమి పట్టింది. మంచిదేలే అనుకునేలోపే, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇక దీని చెవులు గూడా ఓడైపాయె" అని బజారంతా వినేలా అరిచింది. నా చెవులకి రెండు రోజులు చేపల వాసన. ఏం చెప్పమంటారు నా బతుకు!

మీ పరీక్ష కూడా చేశాను. ఎడమదీ కుడిదీ మార్చినా ఎడమ చెవిలోనే పలచన. ఏం మాయ పెట్టారు ఇందులో?

ఇట్లు,
మండుతున్న మల్సూన్

తా.క.: కొత్త తొడుగులు ఒక జత పంపండి. పాతవి పారేయలేదు, పులుసులో వేస్తే పనికొస్తాయేమోనని బొన్‌నే అడుగుతోంది.


సియోల్, ఆగస్టు 14

మల్సూన్ అమ్మగారి పాదాలకు సెహ్వాన్ నమస్కారాలు.

కొత్త తొడుగులు పంపుతున్నాను. వీటిని నీడలో, శుభ్రమైన గుడ్డ మీద, మిరపకాయలకు దూరంగా ఆరబెట్టండి.

ఇక పరీక్ష సంగతి. ఎలా రాయాలో తెలియక ఈ కాగితం మూడుసార్లు చింపాను. ఇయర్‌ఫోన్లు మార్చినా పలచదనం అదే చెవిలో ఉండిపోయిందంటే, వస్తువులో లోపం లేదన్నమాట. మరి లోపం ఎక్కడ ఉంటుందంటే... మా నాయనమ్మ కూడా మొదట్లో ఒప్పుకోలేదు. వయసుతో పాటు ఎవరికైనా వచ్చేదే. చెవుల డాక్టరు దగ్గరికి ఒక్కసారి వెళ్ళి రండి. అన్యథా భావించవద్దు.

తమ శ్రేయోభిలాషి,
సెహ్వాన్

తా.క.: ఈసారి పెట్టెలో ఏమీ పంపలేదేమని మేనేజరు గారు అడిగారు. ఇయర్‌ఫోన్లు పంపలేదు కదండీ అన్నాను. నేను వాటి గురించి అడగలేదన్నారు.


సున్‌చోన్, ఆగస్టు 21

శ్రీయుత ప్యో సెహ్వాన్ గారికి.

క్షేమం అడగను.

నా చెవులకు ముసలితనమా? ఎదురు కొట్టులో బొన్‌నే నా గురించి గుసగుసలాడితే పచ్చళ్ళ డబ్బాల మధ్య నుంచి ప్రతి అక్షరం పట్టుకుంటాను! జాడీ దగ్గర చెవి పెట్టి కిమ్చీ పులిసిందో లేదో బుడగల చప్పుడుతో చెప్పేదాన్ని! నా చెవిలో పువ్వు పెట్టి పంపేద్దామనుకున్నారా?

కొట్టు మూసి, నంబరు చీటీ తీసుకుని, గంటన్నర కూర్చుని డాక్టరుకు చూపించుకున్నాను. గాజు గదిలో కూర్చోబెట్టి టిక్కు టిక్కు మనిపించాడు. ఆ కాగితం దీనితో జతపరిచాను. చదవండి. గట్టిగా, పదిమందీ వినేలా చదవండి. "మీ వయసులో ఇలాంటి చెవులు నేను చూడలేదండీ, రెండూ నలభై ఏళ్ళవాళ్ళలా ఉన్నాయి" అన్నాడు డాక్టరు. ఇంకోసారి చెప్పమని చెప్పించుకున్నాను.

ఇక పోటీకి పదహారు రోజులు. మళ్ళీ రెండో వరుస దగ్గరే టంగ్ మంటే, మళ్ళీ ఆ రైస్ కుక్కర్ ఆవిరి ముందు కూర్చోవాలంటే, ఈసారి నావల్ల కాదు. నిజం చెబుతున్నాను. పాట మానేస్తాను. మీకేం, మీరు ఇంకో పెట్టె విప్పుకుంటారు.

ఇట్లు,
నలభై ఏళ్ళ చెవుల తాక్ మల్సూన్

తా.క.: కోపంతో ఉన్నా కాబట్టి పచ్చడి పంపడం లేదు. నెత్తళ్ళు మాత్రం కొంచెం పెట్టాను, అవి మేనేజరు గారికి. డాక్టరు ఇంకో పనికిమాలిన సంగతి కూడా చెప్పాడు. నా ఎడమ చెవి రంధ్రం కుడిదానికంటే బాగా పెద్దదట. దానికీ మీరేదో వయసని పేరు పెడతారేమో, నాకు పుట్టుకతోనే అంతేనట.


సియోల్, ఆగస్టు 26

అమ్మా! అమ్మా! మల్సూన్ అమ్మా!

తప్పు నాదే. నూటికి నూరుపాళ్ళూ నాదే. తమ ఉత్తరం చదివి తల దించుకున్నాను, తా.క. చదివి కుర్చీలోంచి లేచి అరిచాను. మేనేజరు గారి చేతిలో నెత్తళ్ళు కింద పడ్డాయి.

రంధ్రం పెద్దది! అంతే! ఇయర్‌ఫోన్లూ బాగున్నాయి, చెవులూ బాగున్నాయి, తొడుగు చాలడం లేదు! తొడుగు వదులుగా ఉంటే పక్కనుంచి గాలి పోయి పాట పలచబడుతుంది. ఈ పని నేర్చుకునేటప్పుడు మొదటి రోజు మొదటి గంటలో చెబుతారు ఇది. మూడు నెలలుగా నేను నువ్వులూ నీళ్ళూ వెతుక్కుంటూ కూర్చున్నాను.

ఎడమ చెవికి అన్నిటికన్నా పెద్ద తొడుగు పంపుతున్నాను. కొంచెం తడిపిన వేలితో చెవి పైభాగాన్ని మెల్లగా పైకి లాగి, తిప్పుతూ లోపలికి పెట్టండి. బిరడా బిగించినట్టు కుదరాలి. కుదిరాక బయటి చప్పుడు మీ దరిదాపులకు రాదు, కనుక రోడ్డు మీద మాత్రం పెట్టుకోవద్దు.

పాడండి అమ్మా. పాట మానేయడం అనే మాట ఇంకోసారి రాయకండి. ఆ మాట చదివి నాకు అన్నం సహించలేదు.

తమ అబ్బాయి లాంటి,
సెహ్వాన్

తా.క.: మరమ్మతు కాగితంలో ఒక గడి మూడు నెలలుగా ఖాళీగా ఉండిపోయింది. మొదటి రోజే అడగాల్సింది. తమరు వీటిని దేనికి తగిలించి వింటారు? ఫోనుకా, ఇంకేదైనా యంత్రానికా?


సున్‌చోన్, సెప్టెంబరు 8

నాయనా సెహ్వాన్,

పాడాను! చివరిదాకా పాడాను! మొదటి వరుస నుంచి ఆఖరి వరుస దాకా ఒక్క అక్షరం వదలకుండా పాడాను!

ఆగు, మొదటినుంచి చెబుతాను. పెద్ద తొడుగు పెట్టుకోగానే ఎడమ చెవి గడియ వేసినట్టు మూసుకుంది. బజారు మాయం. ఎదురుగా బొన్‌నే నోరు ఆడుతోంది, అరుపు లేదు. ముప్పై ఏళ్ళలో అంత అందంగా అది ఎప్పుడూ కనిపించలేదు. గొంతు సవరించుకుని ఒక కూనిరాగం తీశాను. రెండు చెవుల్లోనూ సమానంగా, నిండుగా, నా పాట! ఏడ్చేశాను.

పోటీ రోజు పెద్దంచు పట్టు లంగా కట్టుకున్నాను. చెవుల్లో అవి పెట్టుకుని స్టేజీ ఎక్కి కళ్ళు మూసుకున్నాను. బ్యాండు వినపడదు గానీ డ్రమ్ము దెబ్బ కాళ్ళకింద బల్లలోంచి తెలుస్తూనే ఉంది. మొదటి వరుస. రెండో వరుస. గంట లేదు! మూడో వరుస! నాయనా, స్టేజీ మీద మూడో వరుస ఎలా ఉంటుందో నాకు ఇంతవరకూ తెలియదు. మధ్యలో ఒకచోట కాళ్ళకింద బల్ల ఊరుకుంది. నా గొంతు ఒంటరిగా వినపడాలని బ్యాండువాళ్ళు పెద్దమనసుతో ఆగారనుకున్నాను. ఇంకా పైకి ఎత్తుకున్నాను. కాసేపటికి బల్ల మళ్ళీ అదరడం మొదలెట్టింది. పాట అయిపోయింది. కళ్ళు తెరిచాను.

జనమంతా లేచి నిలబడ్డారు. కొందరు నవ్వుతున్నారు, కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. గంట కొట్టే ఆయన మెట్ల మీద కూలబడి గంటను ఒళ్ళో పెట్టుకుని రుమాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. బొన్‌నే జనాన్ని తోసుకుంటూ స్టేజీ ఎక్కి నన్ను వాటేసుకుంది. ఏదో అరుస్తోంది. అప్పుడు తీశాను చెవుల్లోంచి.

"ఏందే మల్సూనూ! ఏడుసార్లు కొట్టినాడు గంట! నీకు ఇనపళ్ళేదా?"

"ఏ గంట?" అన్నాను.

రెండో వరుస దగ్గరే కొట్టాడట, ఎప్పటిలాగే. బ్యాండు ఆపేశారట. నేను ఆగలేదట. మళ్ళీ కొట్టాడట. జనం పడీపడీ నవ్వారట. నేను కళ్ళు మూసుకుని పాడుతూనే ఉన్నానట. మూడో వరుసలో నవ్వులు తగ్గాయట. నాలుగో వరుసలో ముందు అకార్డియన్ వాయించే ముసలాయన నా వెంట అందుకున్నాడట, తర్వాత డ్రమ్ము, తర్వాత అందరూ. గంటాయన ఏడోసారి కొట్టబోతే, "ఇంకోసారి కొట్టినావంటే నీ గంట నీళ్ళతొట్లో ఏస్తా!" అని బొన్‌నేనే అరిచిందట. అయినా కొట్టాడట. ఉద్యోగం కదా, పాపం.

గంట కొడితే దిగాలని రూలు ఉంది గానీ, దిగకపోతే ఏం చేయాలో రూలు లేదట. న్యాయనిర్ణేతలు చాలాసేపు తలలు కలిపి మాట్లాడుకుని సున్నా మార్కులు వేశారు. ముప్పై ఒక్కమందిలో నాది ముప్పై ఒకటో స్థానం. నా పేరు చదివినప్పుడు ఎంత గట్టిగా చప్పట్లు కొట్టారో తెలుసా? మొదటి బహుమతి వచ్చినాయన వెనక్కి తిరిగి చూశాడు.

నవ్వాను, ఏడ్చాను, మళ్ళీ నవ్వాను. నా పాట బాగోలేదని ఇప్పుడు నాకు తెలుసు నాయనా. ఏడుసార్లు తేల్చి చెప్పారు. అయినా పాడాను కదా! నా జన్మకి ఇది చాలు అనుకున్నాను నిన్న. పొద్దున లేచేసరికి చాలలేదు. వచ్చే ఏడు ఇంకా పెద్ద పాట ఎత్తుకుంటాను.

ఇట్లు,
చివరిదాకా పాడిన మల్సూన్

తా.క.: ఆ ఖాళీ గడి సంగతి అడిగావు. దేనికీ తగిలించను. ఎందుకు తగిలించడం? చెవుల్లో బిగించుకుంటే నా గొంతు నా తలలోనే మోగుతుందిగా. ఫోనుకి తగిలించే చవకరకంవి మా మనవరాలి దగ్గర ఉన్నాయి, నాకు తెలుసు. పన్నెండు లక్షలు పోసి కొన్నవి ఎవరైనా ఫోనుకి తగిలిస్తారా? టీవీలో గాయకుల్లాగే వైరు వీపు మీదుగా తెచ్చి లంగా నాడాలో దోపుకుంటాను. మరిచాను, ఆ వైరు చివర బంగారు రంగు పుల్ల ఒకటి ఉంది. మూడు నెలలుగా నడుములో గుచ్చుకుంటోంది. అది దేనికి? పనికిరానిదైతే, ఈసారి పంపినప్పుడు కత్తిరించి పెట్టు.